మన చెత్త ఎవరి చేతికి చేరుతోంది?

మొన్నటి ఉగాదికి బెంగళూరులో మా సంఘం వాళ్ళం ఒక కల్యాణ మంటపం అద్దెకు తీసుకుని వేడుక జరుపుకున్నాం. పంచాంగ శ్రవణం అయింది, పిల్లల పద్యాల పోటీ అయింది, తెలుగు బడి మూతపడకుండా ఏం చెయ్యాలన్న చర్చా అయింది. భోజనాలకు నాలుగు వందల మంది దాకా కూర్చున్నాం. అరిటాకే వేశాం, అందులో లోటు లేదు. కాని ఆకు కింద బల్ల పొడవునా పరిచిన ప్లాస్టిక్ పూత కాగితం, ఆకు పక్కన చిన్న నీళ్ళ సీసా, పాయసానికి కాగితపు కప్పు, దానికో ప్లాస్టిక్ చెంచా, వెళ్ళేటప్పుడు తాంబూలానికి ఒక సన్నపు సంచి. రెండు గంటల్లో వాటి పని అయిపోయింది.

మిగిలిన సరుకు లెక్క చూసుకుందామని వంటశాల వెనక్కి వెళ్తే అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని సీసాల మూతలు తీసి నీళ్ళు పారబోస్తున్నారు. చాలా సీసాల్లో సగానికి పైగా నీళ్ళు అలాగే ఉన్నాయి. నీళ్ళతో ఉన్న సీసాను పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు. "తాగేవి తాగి, మిగిలినవి మీరే పారబోసి ఇస్తే ఏం పోయేదన్నా? మూతలు తీసేదానికే గంట పట్టింది" అంది పెద్దావిడ, తెలుగులో. ఏ ఊరమ్మా అంటే, "మదనపల్లె తట్టు. మా అవ్వ కాలంలోనే వచ్చినాము. ఇప్పుడు ఏ ఊరంటే ఈ ఊరే" అంది. లోపల మైకులో మాటలు వినబడ్డాకే మేము తెలుగువాళ్ళమని తెలిసిందట.

ఆ ఇద్దరినీ భోజనానికి పిలవాలన్న ఆలోచన మాలో ఎవరికీ అంతవరకు రాలేదు. తర్వాత పిలిచాం. అప్పటికి పాయసం అయిపోయింది.

చీపురు పట్టి వచ్చినవాళ్ళు

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారన్నది ఈ నగరంలో పాతకాపులందరికీ తెలిసిందే. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాలు వాళ్ళవి. చెన్నైలో ఈ కథ ఇంకా పాతది. తెల్లదొరల కాలంలోనే మద్రాసు పట్నపు పారిశుద్ధ్యం పనికి తెలుగు జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈ రోజుకీ ఉత్తర చెన్నై కాలనీల్లో ఉన్నారు. ఆది ఆంధ్రులని, అరుంధతీయులని కాగితాల్లో రాస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

మన వలస చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం నాయక రాజుల దగ్గర మొదలుపెడతాం. పాళెగాళ్ళను, వర్తకులను, నేతగాళ్ళను తలుచుకుంటాం. షోలాపూర్, భీవండి మగ్గాల దగ్గరికి వచ్చి గర్వపడతాం. ముంబయిలో కామాఠీపురా పేరు మన కూలీల నుంచే వచ్చిందని కూడా ఈ మధ్య చెప్పుకుంటున్నాం. చీపురు పట్టి వచ్చినవాళ్ళు మాత్రం ఆ వరుసలో ఎక్కడా కనబడరు.

2025 ఆగస్టులో వాళ్ళు వార్తల్లోకి ఎక్కారు. రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్యాన్ని చెన్నై నగరపాలక సంస్థ ప్రైవేటు గుత్తేదారుకు అప్పగించింది. అక్కడ పనిచేస్తున్న కార్మికులు ఆగస్టు 1 నుంచి రిప్పన్ భవనం ముందు బైఠాయించారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. నెలకు 23 వేల రూపాయల దాకా అందుకుంటున్న తాము ఇక 17 వేలలోపు జీతానికి పనిచెయ్యాలా అన్నది వాళ్ళ ప్రశ్న. పదమూడో రోజు రాత్రి హైకోర్టు ఉత్తర్వు చూపించి పోలీసులు వాళ్ళను అక్కడినుంచి తరలించారు. మరునాడే రాష్ట్ర మంత్రివర్గం కార్మికులకు ఉచిత అల్పాహారంతో సహా కొన్ని సంక్షేమ పథకాలు ప్రకటించింది. వాళ్ళు అడిగింది పొద్దుటి ఫలహారం కాదు.

బెంగళూరులో పరిస్థితి కొంత నయం. ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాత 2025 మే 1న 12 వేలకు పైగా పౌరకార్మికులకు పర్మనెంటు ఉత్తర్వులు అందాయి. అయితే అవి వీధులు ఊడ్చేవాళ్ళకు. ఇంటింటికీ వచ్చే చెత్త ఆటో నడిపేవాళ్ళు, దాని వెనక నిలబడి బకెట్లు అందుకునే సహాయకులు ఇంకా గుత్తేదారు కిందే ఉన్నారు. మనం రోజూ గుమ్మంలో చూసేది ఈ రెండో రకం వాళ్ళనే.

జీతాల గొడవకు, చెత్త రీసైక్లింగుకు ఏం సంబంధం అని అడగవచ్చు. మేము కూడా మొదట అవి రెండు వేరు విషయాలనే అనుకున్నాం. ఇంట్లో తడి, పొడి వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారని మనందరం విసుక్కుంటాం. అది నిజమే, మా వీధిలోనూ చూశాం. కాని ఆ బండికి రెండు అరలు ఎందుకు లేవు, అన్ని ఇళ్ళకు ఒక్క మనిషినే ఎందుకు పెట్టారు, గుత్తేదారుకు బిల్లు దేన్ని బట్టి చెల్లిస్తున్నారు అని అడిగింది లేదు. చాలా నగరాల్లో బిల్లు టన్నుకింత అని నడుస్తుంది. బరువుకు డబ్బు వచ్చే చోట నీరు కారుతున్న కలగలుపు చెత్తే లాభసాటి. వేరు చేసిన పొడి చెత్త తేలిక. ఆ లెక్కలో పనిచేసే మనిషిని, జీతం ఎప్పుడు తగ్గుతుందో తెలియని మనిషిని, "జాగ్రత్తగా వేరు చెయ్యమ్మా" అని గేటు దగ్గర నిలబడి మందలించడం మనకు సులువు.

గుజరి, కాయలాంకడై, భంగార్

మనం ఉంటున్న ప్రతిచోటా పాత సామాన్ల వ్యాపారానికి ఒక పేరుంది. కర్ణాటకలో గుజరి అంగడి, తమిళనాట కాయలాంకడై, మహారాష్ట్రలో భంగార్, ఒడిశాలో కబాడి. మన పిల్లలకు వీటికి తెలుగు మాట తెలియకపోయినా ఈ మాటలు తెలుసు. రీసైక్లింగ్ అన్న మాట రాకముందు నుంచీ ఆ పని చేస్తున్నది ఈ కొట్లే. పాత పేపర్లు, ఇనుము, ఇత్తడి, సీసాలు వీధిలోకి వచ్చి కొనుక్కుపోయేవారు. పాత బట్టలు, జరీ చీరలు ఇస్తే స్టీలు గిన్నె ఇచ్చే ఆవిడ నెత్తిన గంప పెట్టుకుని వచ్చేది. మిగిలిన పాత చీరలు బొంతలయ్యేవి.

"మన పెద్దలు ఏదీ పారేసేవారు కాదు" అని ఉపన్యాసాల్లో వింటుంటాం. దాన్ని మేము పూర్తిగా ఒప్పుకోం. ఆ పొదుపు వెనక రోజంతా బూడిదతో గిన్నెలు తోమిన ఆడవాళ్ళ నడుములున్నాయి. పెళ్ళిళ్ళలో ఎంగిలి విస్తళ్ళు ఎత్తడానికి ఊరవతల నుంచి వచ్చిన మనుషులున్నారు. పాత రోజుల్లో చెత్త తక్కువ, నిజమే. ఎత్తే కులం మాత్రం అప్పుడూ అదే.

మారింది వస్తువు. వెనకటి చెత్తలో చాలా భాగానికి కొట్టులో ధర ఉండేది, లేదా మట్టిలో కలిసేది. ఇప్పటిది రెండూ కాదు. నీళ్ళ సీసాకు, అట్టపెట్టెకు, అల్యూమినియం డబ్బాకు గుజరి కొట్టులో ఇప్పటికీ రేటుంది. చిప్సు ప్యాకెట్టుకు లేదు. షాంపూ పొట్లానికి లేదు. ప్లాస్టిక్‌ను, అల్యూమినియం పూతను పొరలు పొరలుగా అతికించి చేసిన ఆ ప్యాకెట్టును విడదీయడానికి అయ్యే ఖర్చు దాని విలువకు ఎన్నో రెట్లు. ఏరేవాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఈ షాంపూ పొట్లం తమిళనాడులోని కడలూరులో పుట్టింది. సీసా కొనలేని పేదవాడికి రూపాయికి షాంపూ అందించిన ఘనత దానిదే, దాన్ని తక్కువ చెయ్యం. ఇప్పుడు పెద్ద సీసా కొనగలిగినవాళ్ళ ఇళ్ళలో కూడా స్నానాల గదిలో అవే వేలాడుతున్నాయి.

రీసైకిల్ అయ్యేవాటిలోనూ తేడాలున్నాయి. గాజు, ఇనుము, అల్యూమినియం ఎన్నిసార్లు కరిగించినా మళ్ళీ అదే వస్తువవుతాయి. కాగితం తిరగేసిన కొద్దీ దాని పీచు పొట్టిదై నాణ్యత పోతుంది. నీళ్ళ సీసాలను చిదిపి, కడిగి, కరిగించి ఎక్కువగా పాలిస్టర్ దారం తీస్తారు. దానితో చొక్కా, దిండులోకి దూది తయారవుతాయి. ఆ చొక్కా చిరిగాక దానికి మళ్ళీ సీసా జన్మ లేదు. నూలూ పాలిస్టరూ కలిసిన బట్టనైతే విడదీయడమే కష్టం. షోలాపూర్ నూలు దుప్పటి చిరిగితే ఒళ్ళు తుడిచే గుడ్డయి, ఆ తర్వాత నేల తుడిచే గుడ్డయి, ఆఖరికి మట్టిలో కలిసేది. పండక్కి వెబ్‌సైటులో కొన్న చవక కుర్తాకు ఆ యోగం లేదు.

దేశం మొత్తం లెక్క చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 నివేదిక ప్రకారం పట్టణాల్లో రోజుకు 1.60 లక్షల టన్నుల చెత్త పుడుతోంది. అందులో సుమారు 80 వేల టన్నులు శుద్ధి అయ్యాయి. 29 వేల టన్నులు పూడ్చిపెట్టారు. మిగిలిన 50 వేల టన్నులు ఏమయ్యాయో లెక్కల్లో లేదు. ఆ లెక్కలో లేని దాంట్లో కొంత మురుగుకాల్వల్లో ఉంది, కొంత ఖాళీ స్థలాల్లో కాలిపోయింది. యానాంలో గౌతమి గట్టున పారేసిన కవరు కిందికి కొట్టుకుపోయి కోరింగ మడ అడవుల వేళ్ళకు చుట్టుకుంటే అదీ ఆ లెక్కలోదే.

కాల్చేస్తే పోతుందా

నగరపాలక సంస్థలకు ఇప్పుడు ఆశ పుట్టిస్తున్న మాట ఒకటే. చెత్తను కాల్చి కరెంటు తియ్యడం. కర్ణాటకలో బిడది దగ్గర 11.5 మెగావాట్ల కేంద్రం ఉంది. చెన్నైలో కొడుంగైయూరు దగ్గర రోజుకు 2,100 టన్నులు కాల్చే కేంద్రాన్ని ప్రతిపాదించారు. 340 ఎకరాలకు పైగా విస్తరించిన కొడుంగైయూరు చెత్త దిబ్బ పొగను దశాబ్దాలుగా పీల్చింది ఉత్తర చెన్నై. కర్మాగారాలు, థర్మల్ కేంద్రాలు అన్నీ ఆ వైపే. 2025 మేలో అక్కడి జనం మానవహారం కట్టి ఈ కేంద్రం వద్దన్నారు. పారిశుద్ధ్య కార్మికుల తెలుగు కాలనీలు ఉన్నదీ ఆ ఉత్తర చెన్నైలోనే. పగలు చెత్త ఎత్తి, రాత్రి దాని పొగలో పడుకోవడం అన్నమాట.

కాల్చడంలో ఉన్న అసలు చిక్కు మన వంటిల్లు. మన చెత్తలో సగానికి పైగా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కొబ్బరి పీచు. తడి అన్నం మండదు. మండాలంటే దానికి తోడు ప్లాస్టిక్, అట్టలు, కాగితం కావాలి. అవే కదా ఏరేవాళ్ళకు కూడు పెట్టేవి, నిజంగా రీసైకిల్ అయ్యేవి. కొలిమికి రోజూ ఇన్ని టన్నులు అందిస్తామని పాతికేళ్ళ ఒప్పందం రాసుకున్న నగరం చెత్త తగ్గించమని ప్రజలకు మనస్ఫూర్తిగా చెప్పగలదా? రీసైకిల్ కాని చిప్సు ప్యాకెట్ల వంటివాటిని సిమెంటు బట్టీల్లో బొగ్గుకు బదులు కాల్చడం ఉన్నంతలో మేలని మేము ఒప్పుకుంటాం. అన్నీ కలిపి ఒకే పొయ్యిలో పడేసే ఏర్పాటును మాత్రం మేము పరిష్కారం అనలేం.

ఇక ప్యాకెట్టు తయారుచేసిన కంపెనీ సంగతి. అమ్మిన ప్లాస్టిక్‌కు సమానమైనంత తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారుదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ స్వయంగా సేకరించనక్కరలేదు, రీసైకిల్ చేసేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుంటే చాలు. ఫలితం ఏమిటంటే 2023లో గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో జరిపిన తనిఖీల్లో ఆరు లక్షలకు పైగా నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. చెయ్యని రీసైక్లింగుకు కాగితం పుట్టిందన్నమాట. 2025 అక్టోబరు చివర బెంగళూరులో ఒక చిత్రం జరిగింది. వీధిలో చెత్త పారేసినవాళ్ళను కెమెరాల్లో పట్టుకుని, వాళ్ళ చెత్తను తెచ్చి వాళ్ళ గుమ్మం ముందే పోశారు. 'కస సురియువ హబ్బ' అని దానికి పేరు. అంటే చెత్త పోసే పండగ. సరే, పారేసినవాడికి సిగ్గు రావలసిందే. ఆ చెత్తలో ఉన్న ప్యాకెట్లను తయారుచేసిన కంపెనీల గుమ్మం ముందు మాత్రం ఏ పండగా జరగలేదు.

కుదిరిన చోట్లు

ఆశ లేదా అంటే ఉంది. అది మనం ఉంటున్న ఊళ్ళలోనే ఉంది.

నీలగిరుల్లో మద్యం సీసాలు అడవిలో పగలగొట్టి పారేస్తే ఏనుగుల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకుంది. 2022 మే నుంచి అక్కడి టాస్మాక్ దుకాణాల్లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే ఆ పది తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. సీసాలు వెనక్కి రావడం మొదలైంది. తాగినవాడు తేకపోతే ఏరినవాడు తెస్తాడు, పది రూపాయలు వాడికి దక్కుతాయి. ఆ పద్ధతి తర్వాత ఇతర జిల్లాలకూ పాకింది. కొత్త విద్యేమీ కాదిది. గోలీసోడా తాగి సీసా తిరిగి ఇచ్చిన తరం మనలో ఇంకా ఉంది. మద్యం సీసాకు కుదిరినప్పుడు నీళ్ళ సీసాకు, పాల కవరుకు ఎందుకు కుదరదు? కుదిరితే మంటపం వెనక ఆ పెద్దావిడ ఏరిన నాలుగు వందల సీసాలకు ఒక రోజు కూలి కాదు, కొన్ని రోజుల కూలి వచ్చేది. తూకానికి అమ్మితే ఆవిడకు వచ్చేది చిల్లర.

పుణేది ఇంకో దారి. చిత్తు ఏరే ఆడవాళ్ళు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ పేరుతో సంఘం కట్టారు. ఆ సంఘం నుంచి 'స్వచ్ఛ్' అనే సహకార సంస్థ పుట్టి, నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని 2008 నుంచి ఇంటింటి చెత్త సేకరిస్తోంది. మూడు వేల మందికి పైగా సభ్యులు. ఇంటివాళ్ళు నెలనెలా రుసుము నేరుగా వాళ్ళకే ఇస్తారు. పొడి చెత్తలో అమ్ముడుపోయేది వాళ్ళదే. అంటే బరువును బట్టి కాదు, వేరు చేసిన దాన్ని బట్టి రాబడి. అందుకే అక్కడ వేరు చెయ్యమని చెప్పేది అధికారి కాదు, ఆ చెత్త మీద బతికే మనిషే. ఒప్పందం గడువు తీరినప్పుడల్లా వాళ్ళకు మళ్ళీ పోరాటమే, అది వేరే కథ.

ఒడిశాలో పట్టణాల బయట పెద్ద కొలిమికి బదులు, ఊళ్ళోనే చిన్న చిన్న ఎరువు కేంద్రాలు, పొడి చెత్త వేరుచేసే కేంద్రాలు పెట్టి వాటిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఎరువును 'మో ఖత' పేరుతో అమ్ముతున్నారు. బరంపురం, రాయగడ వైపు మన ఇళ్ళవాళ్ళు మొక్కలకు దాన్ని వాడి చూడవచ్చు. బెంగళూరులో హైకోర్టు 2012 ఉత్తర్వుల తర్వాత వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలు వచ్చాయి. వాటిలో కొన్నింటిని ఒకప్పుడు వీధుల్లో చిత్తు ఏరినవాళ్ళే నడుపుతున్నారు. హసిరు దళ వంటి సంస్థలు వాళ్ళకు గుర్తింపు కార్డుల నుంచి లెక్కల పుస్తకం దాకా తోడున్నాయి. ఆ ఉత్తర్వులైనా ఊరికే రాలేదు. నగరం చెత్త మోసి విసిగిపోయిన మావళ్ళిపుర, మండూరు పల్లెల జనం లారీలకు అడ్డం పడ్డాకే నగరానికి తన చెత్త గుర్తొచ్చింది.

ఏప్రిల్ నుంచి మన మీద పడింది

2016 నిబంధనల స్థానంలో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2026 ఈ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇక చెత్త రెండు రకాలు కాదు, నాలుగు. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు మూడోదాంట్లోకి వస్తాయి. కాలం చెల్లిన మందులు, బల్బులు, రంగు డబ్బాల వంటివి నాలుగోదాంట్లోకి. రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త వచ్చే చోట్లు, పెద్ద అపార్టుమెంట్లు, పెద్ద హోటళ్ళు, తమ తడి చెత్త సంగతి వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలి.

శానిటరీ ప్యాడ్ల విషయం బహిరంగంగా మాట్లాడటానికి మనలో చాలామందికి మొహమాటం. కాని కలగలుపు సంచిలో చెయ్యి పెట్టి వాటిని విడదీసేది ఆ ఆటో వెనక నిలబడ్డ మనిషే, చాలాసార్లు చేతికి తొడుగు కూడా లేకుండా. పుణేలోనూ బెంగళూరులోనూ పాత పేపరులో చుట్టి దాని మీద ఎర్ర చుక్క పెట్టి ఇవ్వడం కొన్ని ఇళ్ళలో అలవాటైంది. ఆ చుక్క పెట్టడానికి పట్టేది రెండు క్షణాలు. నగరపాలక సంస్థ కరపత్రాలు కన్నడంలోనో తమిళంలోనో వస్తాయి. అవి చదవలేని పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. ఈ నాలుగు రకాలేమిటో తెలుగులో ఒక కాగితం రాసి వంటింట్లో అంటించడం మన సంఘాలకు చేతకాని పని కాదు.

డబ్బు సంగతి కూడా మారింది. బెంగళూరులో 2025 ఏప్రిల్ నుంచి చెత్తకు రుసుము వచ్చింది. 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకు 10 రూపాయలు, 4,000 చదరపు అడుగులు దాటితే 400. దీని మీద మన సంఘాల వాట్సాప్ గుంపుల్లో చాలా కోపం వెళ్ళగక్కారు. మేము రుసుముకు వ్యతిరేకులం కాదు. ఆ డబ్బులో ఎంత బండి వెనక మనిషి జీతానికి పోతోంది, రెండు అరల బండ్లు ఎన్ని కొన్నారు అన్నది వార్డు వారీగా చూపించమని అడగాలి. రుసుము కట్టేవాడికి అడిగే హక్కు వస్తుంది. చెన్నైలో మన సంఘాలవాళ్ళు రిప్పన్ భవనం ముందు పదమూడు రోజుల్లో ఒక్కసారైనా వెళ్ళి కూర్చున్నారా? మాకు తెలిసిన సంఘాలు వెళ్ళలేదు. భాష పేరిట మైనారిటీ హక్కులు అడిగే మనం, అదే భాష మాట్లాడే ఆ కార్మికుల మాట ఎత్తకపోతే ఆ అడగడంలో బలం ఎక్కడుంటుంది?

ఇక మా మంటపం దగ్గరికి వస్తాం. భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ కాగితాన్ని కర్ణాటక 2016లోనే నిషేధించింది. తమిళనాడు నిషేధించిన 14 వస్తువుల్లో, 2019 జనవరి 1 నుంచి, అదీ ఉంది, ప్లాస్టిక్ పూత కాగితపు కప్పులూ ఉన్నాయి. చెంచాలు, సన్నపు సంచులు దేశమంతటా ఆగాయి. అంటే మా ఉగాది భోజనంలో ఆకు మీద ఉన్నవి తప్ప చుట్టూ ఉన్నవి చాలావరకు నిషేధించినవే. ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. వంటవాళ్ళతో మాట్లాడేటప్పుడు గారెలు ఎన్ని, పులిహోరలో ఇంగువ ఎంత అన్నదే చూశాం.

తర్వాతి కమిటీ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాం. స్టీలు గ్లాసులు పెడదామంటే మంటపం మేనేజరు, కడగడానికి ఇద్దరు మనుషులు కావాలి, కూలి మీరే ఇచ్చుకోవాలి అన్నాడు. లెక్క వేస్తే ఆ కూలి, నాలుగు వందల సీసాల ఖర్చు దాదాపు సమానంగా తేలాయి. ఒక పెద్దాయన, సీలు వేసిన సీసా పెడితేనే అతిథులకు మర్యాద అన్నారు. ఇంకొకరు, గ్లాసులు శుభ్రంగా కడుగుతారన్న నమ్మకం ఏమిటన్నారు. నగరంలో అదమ్య చేతన అనే సంస్థ వేడుకలకు స్టీలు కంచాలు, గ్లాసులు అరువిచ్చే ప్లేట్ బ్యాంకు నడుపుతోందని మాలో ఒకామె చెప్పింది. గంటన్నర వాదన తర్వాత కార్తీక వనభోజనాలకు అరువు గ్లాసులు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు, తాంబూలానికి గుడ్డ సంచి అని రాసుకున్నాం. గుడ్డ సంచులకు పాత చీరలు ఇస్తామని నలుగురు ముందుకొచ్చారు. కడగడానికి వచ్చే ఇద్దరి కూలి ముందే బడ్జెట్‌లో పెట్టాం. వాళ్ళకు మొదటి పంక్తిలోనే భోజనం అని కూడా రాయించాం, రాయకపోతే మరిచిపోతామని.

ఆ పెద్దావిడ ఉండే కాలనీ మంటపానికి ఎంతో దూరం కాదు. అక్కడి పిల్లలు కన్నడ బడికి వెళ్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. మేము మూతపడుతుందని బాధపడుతున్న తెలుగు బడిలో పిల్లలు చాలడం లేదు. వచ్చే ఏడాది పద్యాల పోటీకి ఆ కాలనీకి కబురు పంపుదామా అని ఒకరు అడిగారు. మంచి మాటే అన్నారు అందరూ. ఎవరు వెళ్ళి పిలుస్తారన్న దగ్గర టీలు వచ్చాయి, మాట వేరే దారి పట్టింది. మినిట్సు పుస్తకంలో ఆ వరుస ఎదురుగా పేరు ఇంకా ఖాళీగానే ఉంది.